గుడ్డు పొయ్యి కొన్న వారం

మా బావ ఆ మాట అని పన్నెండేళ్ళయింది. ఇల్లు కట్టుకున్న కొత్తలో, గృహప్రవేశం మర్నాడు, చుట్టాలకు కోడి నేనే కాలుస్తానని పట్టుబట్టాను. పాత డ్రమ్మును నిలువునా కోయించి, కింద బొగ్గులు పోసి, పైన కమ్మీలు పరిచాను. కోడి పైన మాడింది, లోపల ఉడకలేదు. మా బావ, అంటే మా అక్క భర్త, నంగలిలో పట్టుపురుగులు పెంచే మనిషి. తన ఆకులోని తొడముక్కను వేలితో పక్కకు జరిపి, పంక్తి మొత్తానికీ వినబడేలా అన్నాడు:

"దీనికి ఇంగా ప్రాణం పోలేదప్పా. చూడండి, కదల్తా ఉండాది."

పంక్తి పంక్తంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో చాలామటుకు నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, హైవే మీద హోటల్లో తిని ఊరికి వెళ్ళాడు. వెనకే మా అక్క కూడా వెళ్ళింది.

ఆ తరవాత వాళ్ళు మా ఇంటికి రాలేదని కాదు, చాలాసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా నేను "తింటారా?" అని అడిగాను. వాళ్ళు "తినొచ్చినాం" అన్నారు. కాఫీ తాగి వెళ్ళారు. ఆయన తినని చోట మా అక్క తినదు. నాకు ఉన్నది ఒక్క అక్క. ఆమె పన్నెండేళ్ళుగా నా ఇంట్లో ఒక ముద్ద నోట్లో పెట్టలేదు. మా బావ నా పెరట్లో కూర్చుని, నేను కాల్చిన కోడి తిని, రెండోసారి వేయించుకోవాలి. నాకు కావలసింది అంతే.

నేను కేజీఎఫ్‌లోనే ఒక ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన పెట్టెలు విప్పి లోపం వెతకడం, దొరికితే ఎర్ర చీటీ అంటించడం నా పని. ఉద్యోగం పోయినా ఆ కన్ను పోలేదు. అందుకే, బెంగళూరులో పాత సహోద్యోగి కొడుకు మిద్దె మీద ఆ పొయ్యిని చూసినప్పుడు అందరూ కోడి తింటుంటే నేను పొయ్యి చుట్టూ తిరిగాను. నిలబెట్టిన పెద్ద గుడ్డులా ఉంది. కింద గాలికి ఒక చిన్న కిటికీ, పై సగం పెద్ద మూత, దాని నెత్తిన పొగ పోయే ఒక చిన్న మూత. కమాడో అన్నారు, జపాను వాళ్ళ పద్ధతి అట. పొద్దున వేసిన నాలుగు దోసిళ్ళ బొగ్గు సాయంత్రానికి ఇంకా సగం మిగిలే ఉంది. పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, లోపల నాటుకోడి ఎముక నుంచి ఊడి వస్తోంది. అంత వేడి బయటికి రాకుండా ఎక్కడ దాక్కుంది? నాకు ఆ రోజు నుంచి అదే ధ్యాస.

అంతలో మా అక్క ఫోన్ చేసింది. కొడుకు పెళ్ళికి పిలవడానికి వచ్చే ఆదివారం ఇద్దరూ వస్తున్నారట. "పొద్దున్నే వచ్చి కాఫీ తాగి పోతాంరా" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. సోమవారమే కోలారు బస్సెక్కాను.

ఒంటరిగా వెళ్దామనుకున్నాను. మా ఆవిడ పక్కింటాయనను వెంట పంపింది. "గాలి సంగతి ఆయనకు తెలుసు, తీసుకపోండి" అంది. ఆయన బంగారు గని మూసేదాకా భూమి లోపల గాలి తలుపుల దగ్గర పనిచేసిన మనిషి. సొరంగంలో గాలి దారి తప్పకుండా రెండు తలుపులు వరసగా పెడతారు. ఒకటి మూసిన తరవాతే రెండోది తెరవాలి. రెండూ ఒక్కసారి తెరిస్తే గాలి అడ్డదారి పట్టిపోతుంది, చివర పనిచేసే వాళ్ళకు ఊపిరాడదు. ఇదంతా ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఒకసారి టీ అంగడిలో నలుగురి ముందు, "నువ్వు పైనోడివి కదప్పా, భూమి మింద పుట్టి భూమి మిందనే రిటైరయినావు, నీకు గాలంటే ఏం తెలుసు?" అని కూడా అన్నాడు. దాన్నీ నేను మరచిపోలేదు.

కోలారులో ఆ పొయ్యిలు అమ్మే అంగడి ఒక్కటే దొరికింది. అంగడాయన నా చెప్పులు చూసి, "ఇవి రిసార్టుల వాళ్ళు కొంటారు సార్. మీకు ఇడ్లీ కుక్కర్ చూపించేదా?" అన్నాడు. నేను పొయ్యిల ముందు నేల మీద కూర్చున్నాను. పేరున్న కంపెనీల పొయ్యిలు నా పింఛనుకు అందవు. అందేవి రెండే ఉన్నాయి. ఒకటి కాల్చిన మట్టిది, గోడ అరచేతి మందం, ఆకుపచ్చ మెరుగు. రెండోది రేకుది. లోపల ఒక రేకు, బయట ఒక రేకు, మధ్యలో వేడిని ఆపే దూది లాంటిది కూరారు.

చూడగానే నా మనసు మట్టిదాని మీదికి పోయింది. అంత మందం గోడ ఒకసారి వేడెక్కితే సాయంత్రం దాకా చల్లారదు. రేకుది నాకు బిస్కెట్ డబ్బాలా కనబడింది. అయినా తనిఖీ తనిఖీయే. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ చేసినట్టు వేళ్ళ కణుపులతో మట్టిదాన్ని చుట్టూ కొట్టి చూశాను. మూడు వైపులా ఖంగుమంది. నాలుగో వైపు బద్దలైన కుండలా పలికింది.

"పగులుండాది" అన్నాను.

"ఏమీ లేదు సార్, మెరుగు మిందే గీత" అన్నాడు అంగడాయన.

పక్కింటాయన చొక్కా జేబులోంచి అగరుబత్తి తీశాడు. వెలిగించి మట్టి పొయ్యిలో పెట్టి, కింది కిటికీ, పై మూత బిగించాడు. మేము ముగ్గురం వంగి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి నేను పగులు పట్టిన చోటి నుంచే, పెద్ద మూత అంచు కింద, నూలుపోగంత పొగ బయటికి వచ్చింది. తరవాత రేకు పొయ్యిలో పెట్టాడు. దాని అంచుకు మెత్తటి ఉన్నిపట్టీ అంటించి ఉంది. ఎంతసేపు చూసినా పొగ రాలేదు. తెరిచేసరికి అగరుబత్తి ఆరిపోయి ఉంది.

"చూసినావా, గాలి అందక సచ్చింది. ఇది పట్టుకుంటాదప్పా" అన్నాడు ఆయన.

మట్టిది ఇంకొకటి లేదన్నారు. ఆ బరువుతో మా రోడ్ల మీద వస్తే ఈ పగులుతో అది కేజీఎఫ్ చేరేసరికి రెండు ముక్కలవుతుంది. రేకుదే కొన్నాను. కొంటూ, ఆ పగిలిన దాన్ని జనానికి చూపించడం తప్పని అంగడాయనకు చెప్పి మరీ వచ్చాను.

గురువారం పొద్దున ఒక చిన్న కోడితో పరీక్ష పెట్టాం. రాయల్పాడు వైపు నుంచి మామిడి కట్టె కాల్చి చేసిన బొగ్గు తెప్పించాను. నేను నిప్పు చేసి పెద్ద మూత వేయగానే పక్కింటాయన అజమాయిషీ మొదలుపెట్టాడు.

"రెండూ తెరవద్దప్పా! ఒగటి మూసినాకే ఇంగొగటి. రూలు రూలే."

కింది కిటికీ తెరిస్తే పై మూత మూశాడు. పైది తెరిస్తే కిందిది మూశాడు. నాకు అనుమానంగానే ఉంది. కానీ పైనోడిని కదా, నోరు మూసుకున్నాను. గంటన్నర తరవాత తెరిస్తే బొగ్గు నల్లగా ఉంది. కోడి తెల్లగా ఉంది. తొడలో కత్తి దింపితే ఎర్రటి నీరు కారింది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. ఆదివారం ముంచుకొస్తోందన్న సంగతి కూడా క్షణం మరచిపోయాను.

"ఏమన్నా, గాలి ఏమంటా ఉండాది?" అని అడిగాను.

ఆయన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఖాళీ పొయ్యిలో మళ్ళీ అగరుబత్తి పెట్టి, కింద కొంచెం, పైన కొంచెం తెరిచాడు. పొగ నిటారుగా లేచి పై మూతలోంచి పోయింది. పైది మూశాడు. కింది సందులోంచి చూస్తే పొగ లోపలే గిరగిరా తిరిగి నిలిచిపోయింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ లేచింది. ఈ మాటు నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. కింద సందు వేలి మందం తెరిచి చూశాం, రెండు వేళ్ళు తెరిచి చూశాం. మా ఆవిడ రెండుసార్లు భోజనానికి పిలిచి ఊరుకుంది.

చివరికి ఆయన నుదురు కొట్టుకున్నాడు. "ఇవి తలుపులు కాదప్పా. ఇవి షాఫ్టులు, గనిలోకి దిగే నిలువు బాయిలు! ఒగ షాఫ్టులో గాలి దిగాల, ఇంగొగ షాఫ్టులో ఎక్కాల. అట్ల ఉంటేనే గని ఊపిరి పీలుస్తాది. నేను బతుకంతా తలుపుకాడ నిలబడినాను, షాఫ్టు సంగతి మర్సిపోయినాను."

"పైనోడికి కూడా అర్థమయింది" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికే నిప్పు చేశాం. బొగ్గుకూ కోడికీ మధ్య మట్టి పళ్ళెం పెట్టాం, సెగ నేరుగా తగలకుండా. కింద వేలి మందం, పైన అంతకన్నా తక్కువ. లోపల ఏమవుతోందో చూడాలని నాకు చెయ్యి ఆగడం లేదు. మూత మీద చెయ్యి వేసినప్పుడల్లా పక్కింటాయన గోడ అవతలి నుంచి, "సుమ్మా ఊరికే కూసోప్పా! తెరిస్తే గాలి దూరి మంట లేస్తాది" అని అరిచాడు. మూడు గంటలు అలాగే కూర్చున్నాను. పై రేకు మీద చెయ్యి పెడితే మధ్యాహ్నపు గోడంత వేడి కూడా లేదు.

తొమ్మిదిన్నరకు మా అక్క, బావ వచ్చారు. పెళ్ళి పత్రిక, తాంబూలం ఇచ్చారు. ఎప్పటిలాగే "తింటారా?" అని అడగడానికి నేను నోరు తెరిచాను. అంతలో మా ఆవిడ నన్ను దాటి వచ్చి పెరట్లో రెండు ఆకులు పరిచి నీళ్ళు చల్లింది.

"కూసోండన్నా. కోడి కాలింది, సంగటి వేడిగా ఉండాది."

బావ వెంటనే ఆకు ముందు కూర్చున్నాడు. నేను మూత తెరిచాను. తొడ పట్టి లాగితే ఎముక ఒక్కటే చేతిలోకి వచ్చింది. మా అక్కే ముందుగా కోడి ముక్క తుంచింది. ఎప్పుడూ ఆయన తరవాత తినే మనిషి, ఆ రోజు ముందే తింది. బావ రాగి సంగటి ముద్దలోంచి కొంచెం తుంచి, మా ఆవిడ పోసిన పులుసులో ముంచి, కోడితో కలిపి మింగాడు. నేను ఆయన నోరే చూస్తున్నాను. రెండో ముద్ద, మూడో ముద్ద. ఆకు ఖాళీ చేసి మా ఆవిడ వైపు చూశాడు.

"ఇంగొంచెం వెయ్యమ్మా. తొడ ఉంటే చూడు."

ఆ ముక్క నేనే వేశాను. వేస్తూ, ఇన్నేళ్ళు దాచిన మాట బయటికి తెచ్చాను. "ఏం బావా, ప్రాణం పోయిందా?"

"ఎవురికప్పా?" అన్నాడు కంగారుగా.

"కోడికి. నువ్వే అన్నావు, ఇంగా ప్రాణం పోలేదని. గృహప్రవేశమప్పుడు."

"నేనట్ల అన్నానా? నాకు గ్యాపకమే లేదే" అన్నాడు. దొంగ మాట కాదు, ముఖం చూస్తే తెలుస్తోంది.

"మరి ఇన్నేళ్ళు ఏల తినలేదు?" అని అడిగాను.

జవాబు మా అక్క చెప్పింది. "నువ్వు యాడ పెట్టినావురా? వచ్చినప్పుడంతా వాకిట్లోనే నిలబెట్టి తింటారా, తింటారా అంటివి. అట్ల అడిగితే ఎవురన్నా తింటామంటారా? ఆకు వెయ్యాల."

మా వైపు అది నిజమే. తింటారా అని అడగడం వద్దని చెప్పడమే. చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసే అడిగాను. తనంతట తాను కావాలని ఆయన అడగాలని చూశాను. కానీ ఆ రోజు కోడికి ప్రాణం పోలేదని ఆయన అనడం మటుకు నిజం. దానికి సాక్షులున్నారు.

"అన్నాడు, అన్నాడు. నాకు గ్యాపకముండాది" అన్నాడు గోడ మీదికి తల పెట్టి పక్కింటాయన. "ఆ పొద్దు కడుపు పట్టుకొని నవ్వినాను నేను."

ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన నవ్వినవాళ్ళలో ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. దాన్ని మనసులో ఒక పక్కన పెట్టుకుని, ఒక ఆకులో కోడి ముక్కలు వేసి గోడ మీద ఉంచాను. తింటావా అని అడగలేదు.

బావ చెయ్యి కడుక్కుని పొయ్యి చుట్టూ తిరుగుతున్నాడు. రేకు మీద అరచెయ్యి పెట్టి తీసి, మళ్ళీ పెట్టాడు. "ఇంత వేడి లోపల ఎట్లా ఆగుతాది బామ్మర్దీ?" అన్నాడు. మా అక్క ఇంకా తింటూనే ఉంది. నేను కింది కిటికీ ముందు ఆయనను కూర్చోబెట్టి, షాఫ్టుల దగ్గర నుంచి మొదలుపెట్టాను.