చిన్నత్తాయి పెంచిన రెక్కపురుగు

తమిళనాట వత్తల్‌మలై కొండ మీద కాఫీ తోటల కూలికి పోయే చిన్నత్తాయికి బలుసాకు కోయడంలో చెయ్యి తిరిగింది. గీతలు పడిన ఆకును ఆగి చూడకుండానే పక్కకు తోసేసేది. ఆకు పొరల మధ్య తెల్లగా వంకర్లు తిరిగే ఆ గీతల్లో సన్నపురుగు ఉంటుందని చిన్నప్పటి నుంచీ తెలుసు. అది ఎవరికైనా పనికొచ్చే సంగతని మాత్రం నివేదిత వచ్చేదాకా తెలియదు.

నివేదిత ధర్మపురి పిల్ల. చిన్నచిన్న రెక్కపురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఊరందరితో తమిళం మాట్లాడి, ఇంట్లో తెలుగే మాట్లాడే చిన్నత్తాయి గడపలో మాత్రం తెలుగులోకి దిగింది. దానికే చిన్నత్తాయి కరిగిపోయి, మనింటి పిల్లే అనుకుంది. సంకటి పెట్టి, మరునాడే వాగు పక్క బలుసు పొదల దగ్గరికి తీసుకుపోయింది.

పురుగులు దొరికాయి గానీ బతకలేదు. నివేదిత ఇచ్చిపోయిన డబ్బాలో తడిగుడ్డ మీద ఉంచినవన్నీ ఆకులోంచి బయటికొచ్చి, రెండో రోజుకే ముడుచుకుని చచ్చిపోయేవి. రెండు వానకాలాలు అలాగే పోయాయి. మూడో ఏడు చిన్నత్తాయి పని మానుకుని మూడు పగళ్లు పొద ముందే కూర్చుంది. పురుగు సన్నటి పోగు పట్టుకుని కిందికి జారి, రాలిన ఎండుటాకు మడతలో దూరి గూడు అల్లుకోవడం చూసింది. ఇంటికొచ్చి తడిగుడ్డ తీసేసి, డబ్బాలో ఎండుటాకులు పరిచింది. పదకొండో రోజు మధ్యాహ్నం, బియ్యపు గింజంతైనా లేని రెక్కపురుగు మూతకు అంటుకుని కనిపించింది. రెక్కల మీద వెండి చారలు.

నివేదిత దాన్ని పట్టుకుపోయి, కొన్ని నెలలకు ఫోన్ చేసింది.

"అక్కా, కొత్త జాతే! ఇంతవరకూ ఎవురూ రాయలేదు. దీనికి నీ పేరే పెడతాను చూడు."

చిన్నత్తాయి ఆ మాట తోటలో చెప్పింది, రేషన్ షాపులో చెప్పింది, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకూ చెప్పింది.

ఆ పురుగు మీద రాసిన వ్యాసం అచ్చయిన సంగతి నివేదిత చెప్పలేదు. కాలేజీలో చదివే కూతురు తమిళ్‌సెల్వి ఫోన్‌లో వెతికి పట్టుకుంది.

"నా పేరు యాడుండాది?"

"లేదమ్మా. వాళ్ల సార్ పేరు పెట్టినారు."

"ఎండాకు సంగతి?"

"రాసినారు. 'మేము గమనించాము' అని." తమిళ్‌సెల్వి ఇంకాస్త కిందికి జరిపింది. "ఆఖర్లో ఊరోళ్లకు థాంక్స్ చెప్పినారు."

ఆ 'మేము'లో తను లేదని అర్థమవడానికి చిన్నత్తాయికి చదువు అక్కరలేకపోయింది. తోటలో కూలికొచ్చే రాజమ్మాళ్, "ఏమే, నీ పేరు పురుగు ఎప్పుడొస్తాది?" అని నవ్వుతూ అడిగితే, వినబడనట్టు వంగి కాఫీ పళ్లు కోసుకుంది.

వానలు పడ్డాక నివేదిత మళ్లీ వచ్చింది. వెంట ఇద్దరు విద్యార్థులు, చేతిలో మిఠాయి పెట్టె.

"అక్కా, ఇంకొన్ని కావాలి. ఆ పొదలు చూపిస్తావా?"

"ఎండాకు పెట్టింది ఎవురు పాపా?"

నివేదిత ముఖం పాలిపోయింది. "పేరు నా చేతిలో లేదక్కా. సార్ ఒప్పుకోలేదు."

"పేరు అడగలేదు. ఎండాకు పెట్టింది ఎవురు?"

"నువ్వే."

"మరి 'మేము' అని రాసింది నువ్వే కదా. నీకు చేతులెట్ల వచ్చినాయి?"

నివేదిత మిఠాయి పెట్టె ముందుకు చాపింది.

"మా ఇంట్లో తింటివి. అక్కా అంటివి," అంది చిన్నత్తాయి. మిఠాయి పెట్టె నివేదిత చేతిలోనే ఉండగా, గంప ఎత్తుకుని తోటకు పోయింది.

వాళ్లు మూడు రోజులు కొండంతా తిరిగారు. వాగులో కొత్త నీళ్లొచ్చి పాత దారి మునిగిపోయింది. పొదలకు పోయే పైదారి చిన్నత్తాయికి తెలుసు. ఆమె చెప్పలేదు.