బుగ్గ లోపలి గడ్డ

నా బుగ్గ లోపల శనగగింజంత గడ్డ పుట్టింది. నొప్పి లేదు, రక్తం లేదు. విరిగిన దవడపన్ను అంచు అన్నం నమిలిన ప్రతిసారీ అక్కడే ఒరుసుకునేది. బడిలో పాఠం చెబుతూ కూడా నాలుకతో దాన్ని తడుముకునేదాన్ని. బుద్ధి తక్కువై ఒకరోజు మా అత్తకు చెప్పాను.

మా ఉదయగిరి వీధిలో నోట్లో గడ్డంటే ఒకటే అర్థం, క్యాన్సర్. ఆదివారం ఆరాధన ముగిసేలోగా చర్చి అంతటికీ తెలిసిపోయింది. నా కోసం ప్రార్థించారు, కాదనను. ఆ మధ్యాహ్నమే మా వంటింటి కిటికీలో నాకో స్టీలు గ్లాసు, కంచం విడిగా పెట్టారు. అది అంటుకునే జబ్బని అత్తకు ఎవరో నూరిపోశారు. బీయెస్సీ చదివిన నా భర్త ఆ కిటికీ వైపు ఒకసారి చూసి, ఏమీ చూడనట్టు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

ఈ ఇంట్లో గ్లాసు కథ ఒకటుంది. అత్త చిన్నప్పుడు వాళ్ల నాయనకు ఊళ్లో టీ అంగట్లో గ్లాసు వేరే ఉండేదట. చూరులో దోపి ఉన్న ఆ గ్లాసు తీసుకుని, టీ తాగి, తనే కడిగి మళ్లీ అక్కడే దోపాలి. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె కొంగుతో కళ్లు తుడుచుకునేది. కోడలిగా వచ్చిన కొత్తలో అది విని నేనూ ఏడ్చాను. అందుకే కిటికీలో నా గ్లాసు చూడగానే జబ్బు భయం పోయి ఒళ్లు మండింది. మీ నాయనకు చేసిందే నాకూ చేస్తున్నావు కదా అని అడిగేశాను.

"అది కులానికి పెట్టిన గ్లాసు. ఇది బిడ్డ కోసం నేను పెట్టినాను. రెండూ ఒకటేనా మ్మే?" అంది.

బిడ్డంటే నా కూతురు, నాలుగేళ్లది. నా చేతి ముద్ద తప్ప తినేది కాదు. వేడిగా ఉంటే నేనే ఊది పెట్టాలి. ఇప్పుడు ఆ పని అత్త తీసుకుంది. నేను దగ్గరికి వస్తే పిల్లను చంకనేసుకుని వాకిట్లోకి వెళ్లిపోయేది.

ఒక్కదాన్నే బస్సెక్కి ఆత్మకూరులో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మత్తిచ్చి గడ్డ కోశాడు, పన్ను అంచు అరగదీశాడు, కోసిన ముక్కను పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చాక పిలిచి చెప్పాడు. ఒరిపిడి తగిలిన చోట ఒళ్లు పీచులాంటి పదార్థాన్ని పేర్చుకుంటుందట, దాని పేరు కొల్లాజెన్, గాయం మానిన మచ్చలో ఉండేదీ అదేనట. క్యాన్సర్ కాదు, ఎవరికీ అంటదు. ఇంతదానికా భయపడ్డారని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంట్లో చెబితే అత్త మోకాళ్ల మీద కూర్చుని స్తోత్రం చెప్పింది. నా గ్లాసును మిగతా వాటిలో కలిపేసింది. ప్రార్థనకు గడ్డ కరిగిపోయిందని వచ్చే ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెప్పమంది. కరగలేదు, కోశారు అన్నాను. ముఖం మాడ్చుకుంది. బాధపెట్టామని ఎవరూ అనలేదు. వాళ్ల దృష్టిలో తప్పేమీ జరగలేదు.

ఆ సాయంత్రం పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ముద్ద ఊది నోటి దగ్గరికి తీసుకెళ్లాను. అది రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నీ చేత్తో ఒద్దు మా. నాకు జబ్బొస్తాది," అంది.

అత్త పక్కనే ఉంది. ఆ ముద్ద నేనే తిన్నాను.