నా ముఖానికి నా గొంతు నప్పదట

సినిమాకు పోయి, అక్కడ నిలవలేక మళ్లీ సీరియల్‌కే దిగిందని మదనపల్లెలో నా గురించి అనుకుంటున్నారట. నాతో నేరుగా ఎవరూ అనలేదు. అనుంటే బాగుండేది, అక్కడికక్కడే జవాబు చెప్పేదాన్ని. నేను ఎక్కిందీ లేదు, దిగిందీ లేదు. రెండు చోట్లా ముఖానికి అదే రంగు పూశారు, అవే లైట్ల కింద అదే చెమట పట్టింది. సినిమాలో బిందె పట్టుకుని ఒక్కసారి అటునుంచి ఇటు నడిచిన మనిషిని ఆర్టిస్టు అంటారు. సీరియల్లో ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం ఇంట్లోకొచ్చి కూర్చున్న మనిషిని ‘టీవీలో వచ్చే ఆయమ్మ’ అంటారు. అననీ. ఆ మాట నాకు ఒంటబట్టిపోయింది. ఒంటబట్టనిది ఒకటుంది, నా గొంతు విషయం.

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ ఆసుపత్రి వెనక క్వార్టర్సులోనే నేను పెరిగాను. చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే మరియమ్మ వేషం ఎప్పుడూ డాక్టరుగారి అమ్మాయికే పోయేది. ఆ అమ్మాయి గొంతు మెత్తన. నాకు ఏటా సత్రం యజమానురాలి వేషమే. “ఈడ చోటు లేదు, పోండప్పా” అని నిండు చూలాలు మరియమ్మ మొహానే తలుపు వేసే వేషం. జనం పగలబడి నవ్వేవాళ్లు. పాస్టరుగారు మాత్రం బైబిల్లో ‘అప్పా’ లేదని గొణుక్కునేవారు. బెత్లెహేములో ఆ మాట ఎవరు ఏ యాసలో అన్నారో ఈయన పోయి విన్నాడా అని నాకు అప్పుడే కోపం.

డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు స్కూల్లో పాఠాలు చెప్పాను. తెలిసినవాళ్లు ఫోటోలు అడిగితే పంపాను, హైదరాబాదు నుంచి పిలుపొచ్చింది, సీరియల్లో పెద్దకోడలినయ్యాను. చిన్నకోడలు వండిన పాయసంలో ఉప్పు కలిపే పెద్దకోడలిని. నెలలో సగం రోజులు అక్కడ షూటింగు, మిగతా సగం మదనపల్లెలో అమ్మ దగ్గర. సెట్లో చాలామంది బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు తెలుగు రాదు. కెమెరా పక్కన అసిస్టెంటు నిలబడి డైలాగు చదువుతుంటే, దాన్ని పట్టుకుని పెదాలు కదుపుతారు. తర్వాత డబ్బింగు థియేటర్లో వేరేవాళ్లు గొంతు ఇస్తారు. వాళ్లకది అవసరం, తప్పు పట్టను. మరి నాకెందుకు? నాకు తెలుగు వచ్చు. వచ్చింది చిత్తూరు తెలుగు కావడమే నా రోగం. తెలుగు రానివాళ్లకూ, వచ్చిన నాకూ ఒకే మందు పోశారు. నా డైలాగులు నేనే చెప్పుకుంటానని అడిగితే ఏమన్నారో తెలుసా? “పెద్దకోడలికి పొగరుండాలమ్మా. మీ యాసలో తిట్టినా అన్నానికి పిలిచినట్టుంటుంది.” నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

అలా నా ముఖం ఒక దారి, నా గొంతు ఒక దారి అయ్యాయి. ఒకసారి పుంగనూరు బస్టాండులో రామసముద్రం వైపు నుంచి వచ్చిన ఒకామె నన్ను పట్టుకుని కడిగిపారేసింది. “ఆ సిన్నపిల్లని యాలమ్మా అట్ల రాసి రంపాన పెడ్తాండావు? నీకు ఆడబిడ్డలు లేరా?” అంది. నేను నవ్వి, “నేనేం సేసేదక్కా, వాళ్లు రాసిందే సేస్తాండాను” అన్నాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. కోపమంతా దిగిపోయింది. “అయ్యో, నువ్వు ఆయమ్మ కాదు. ఆయమ్మ గొంతు వేరే. నువ్వు ఆయమ్మ పోలికలో ఉండావంతే” అని నా చేతిలో రెండు జామకాయలు పెట్టి బస్సెక్కింది. నేనే నేనని నిరూపించుకోలేక జామకాయ కొరుక్కుంటూ నిలబడ్డాను.

దాన్ని అందరికీ తమాషాగా చెప్పుకునేదాన్ని, అమ్మ కళ్లు పాడయ్యేదాకా. నీటికాసులు. జీవితమంతా రోగుల కళ్లల్లో చుక్కలు వేసిన మనిషి తన కళ్లను మాత్రం ఆలస్యంగా చూపించుకుంది. చుక్కలు వేస్తే ఉన్న చూపు ఉన్నట్టు నిలుస్తుంది, పోయింది రాదని చెప్పారు. టీవీ అమ్మకు ఒక వెలుగు ముద్దగా మిగిలింది. అయినా రోజూ నా సీరియల్ వేళకు కుర్చీ లాక్కుని కూర్చునేది. ఒకరోజు నేను పక్కనే ఉండగా అంది: “మొగమేమో మసగ్గా ఉండాది, గొంతేమో ఎవురిదో. దీంట్లో నువ్వు యాడ ఉండావు మే?”

అమ్మ నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే అడిగింది. కూతురు ఇన్నేళ్లు కష్టపడి ఏం చేసిందో ఆమెకు చేరే దారి చెవి ఒక్కటే, ఆ దారిలో ఇంకొకామె కూర్చుని ఉంది. నా గొంతుతో నేను నటించింది ఒక్కటన్నా అమ్మ వినాలి అని ఆ రోజు గట్టిగా అనుకున్నాను.

అందుకే సినిమా ఒప్పుకున్నాను. పేరు కోసమని, పెద్ద తెర మోజని ఎవరేమనుకున్నా సరే. కుప్పం దగ్గర మెట్ట పొలం చేసుకునే ఒక ఒంటరి ఆడమనిషి కథ అది. గ్రానైటు కోసం ఆ పొలం మీద కన్నేసినవాళ్లకు ఆమె అడ్డం నిలబడుతుంది. డైరెక్టరు చిన్నవాడు. ఇంటికొచ్చి అమ్మ పెట్టిన కాఫీ తాగాడు. నేను అడిగింది ఒక్కటే, నా గొంతు నాదే ఉండాలని. “అందుకే కదా మేడమ్ మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది” అన్నాడు. అమ్మ ఆ మాట చెవులారా విన్నది.

వాళ్లు పెట్టిన షరతు ఒకటుంది. రోజూ ఇంట్లో ఊరికే కనబడే ముఖం కోసం జనం టికెట్ కొనరు కాబట్టి సీరియల్ మానెయ్యాలి. మానేశాను. మా సీరియళ్లలో ఆర్టిస్టు మధ్యలో వెళ్లిపోతే రెండే పద్ధతులు. ఇంకొకరిని తెచ్చి ‘ఇకపై ఈ పాత్రలో వీరు’ అని కింద ఒక వరుస వేస్తారు, లేదా ఫోటోకు దండ వేస్తారు. నాకు దండ వేశారు. సెట్లో గోడకు నా ఫోటో, బొట్టు, గంధపు దండ, ముందు దీపం. చర్చిలో అమ్మతోపాటు పాడే ఒక పెద్దామె అది చూసి ఆగలేక ఇంటికొచ్చి అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చిందట. “నువ్వు ఏడవద్దమ్మా, అది కుప్పంలో ఇడ్లీ తింటాండాది” అని అమ్మ ఓదార్చిందట.

షూటింగు గుడుపల్లె పక్కన. మొదటి రోజే నవ్వులపాలయ్యాను. సీరియల్లో డైలాగు అయిపోగానే కదలకుండా, రెప్ప వేయకుండా నిలబడాలి. ఎడిటింగులో ఆ ముఖం మీదికి కెమెరాను మూడుసార్లు గుద్ది, డప్పు శబ్దం వేసుకుంటారు. నాకది ఎముకల్లోకి పోయింది. గ్రానైటు మేస్త్రీతో “పో” అని చెప్పి, అలాగే గుడ్లు మిటకరించి నిలబడిపోయాను. “మేడమ్, ఆ డం డం మేం వెయ్యం” అన్నాడు ఒక అసిస్టెంటు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తర్వాత అతన్ని పక్కకు పిలిచి చెప్పాను. రిహార్సలు లేకుండా, అప్పుడే చేతికొచ్చిన పేజీతో, ఒక్క టేకులో కన్నీళ్లు తెప్పించే పని నేను ఆ డం డంల మధ్యే నేర్చుకున్నాను, దాన్ని నా ముందు ఎగతాళి చెయ్యొద్దని. సాయంత్రానికి అలవాటు మార్చుకున్నాను. అది పెద్ద పనేం కాదు.

సినిమాకు గుండెకాయలాంటి సీను ఒకటుంది. చేను గట్టును అక్కడివాళ్లు గెనిమ అంటారు. ఆ గెనిమ మీద లారీకి ఎదురుగా నిలబడి ఆమె మాట్లాడాలి. మాట్లాడాను. మా సత్రం యజమానురాలి గొంతుతో, అమ్మ గొంతుతో, నాకు తెలిసిన ఆడవాళ్లందరి గొంతుతో మాట్లాడాను. చూడ్డానికి వచ్చిన ఊరి ఆడవాళ్లలో ఒకామె, “మా యత్త మాట్లాడినట్టే ఉండాది” అంది. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి, ఈసారి నేను వినబడతానని చెప్పాను.

సినిమా విడుదలకు ముందు ఒక పగటిపూట ఫోన్ మోగింది. “అక్కా” అని ఒక గొంతు. అది నా గొంతు. అంటే, ఇన్నేళ్లూ టీవీలో నా గొంతుగా చలామణి అయిన గొంతు. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. “మీ సినిమాలో మీకు నన్ను డబ్బింగు చెప్పమంటున్నారక్కా. మీకు తెలుసో లేదోనని చేశాను” అంది. తెలియదన్నాను. “నువ్వు పోవద్దని నేను చెప్పను. అది నీ తిండి. కానీ నేను మాత్రం ఊరుకోను” అన్నాను. “ఊరుకోవద్దక్కా” అంది ఆమె. నా ముఖం ఊరంతటికీ తెలుసు, ఆమె ముఖం ఎవరికీ తెలియదు. ఆమె మీద నాకు కోపం లేదు.

డైరెక్టరుకు ఫోన్ చేశాను. నసిగాడు. “ప్రివ్యూ చూసినవాళ్లంతా మీ గొంతు విని, ఎవరో డబ్బింగు చెప్పారు, అస్సలు నప్పలేదు అన్నారు మేడమ్. జనానికి మీ ముఖంతో ఆ గొంతే తెలుసు. నిర్మాతగారు భయపడుతున్నారు.”

“అయితే నా ముఖం కూడా తీసెయ్యండి” అన్నాను.

అతను నవ్వాడు, నేను నవ్వలేదు. హైదరాబాదు పోయి వాళ్ల ఆఫీసులో కూర్చున్నాను. పళ్లరసం ఇచ్చారు, తర్వాతి సినిమాకు చూద్దామన్నారు. పళ్లరసం అలాగే పెట్టి వచ్చాను. ప్రచారానికి రానన్నాను, పోలేదు. గొడవ మనిషి అని పేరు పెట్టారు. అదే సమయంలో సీరియల్‌వాళ్లు పిలిచారు. చచ్చిపోయిన పెద్దకోడలికి ఒక కవల చెల్లెలు పుట్టుకొచ్చిందట. వస్తాను, కానీ కవలలకు ఒకే గొంతు ఉండాలని ఎక్కడా లేదు, ఈమెకు నాది పెట్టమన్నాను. ముందు పని మొదలుపెట్టండి, ఆలోచిస్తామన్నారు. చేరాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు, నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

సినిమా వచ్చింది. ఎక్కువ రోజులు ఆడలేదు. మదనపల్లెలో తీసేశాక పుంగనూరులో ఒక్క హాల్లో మిగిలింది. అమ్మకు జరిగింది చెప్పాను, పోవద్దన్నాను. “పొయ్యేది పొయ్యేదే” అని చీర మార్చుకుని కూర్చుంది. మ్యాట్నీకి తీసుకుపోయాను. హాల్లో అక్కడక్కడా జనం. నన్నెవరూ పట్టించుకోలేదు. మొదటి సగమంతా అమ్మ తెర వైపు చెవి వాల్చి, ఓపిగ్గా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసినట్టు కూర్చుంది. ఆమె నా కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు. చెప్పాను కదా రాదని, అయినా ఎదురుచూస్తోంది.

లారీ వచ్చింది. తెర మీద నేను గెనిమ ఎక్కాను. నోరు తెరిచాను. ఇక్కడా ఆ చక్కటి, నునుపైన గొంతే వినబడింది.

అమ్మ నెమ్మదిగా వెనక్కి వాలి, “ఈడ కూడా లేవు గదా మే” అంది.

ఇంక నా వల్ల కాలేదు. తెర మీద నా పెదాలు కదులుతుంటే, నేను సీట్లో కూర్చుని ఆ మాటలే పైకి చెప్పడం మొదలుపెట్టాను. “ఈ సేను నాది. దీంట్లో రాళ్లు మా యత్త ఏరె, నేను ఏర్తి, ఇంగా ఏరతానే ఉండా...” ముందు వరుసలో ఒకతను తిరిగాడు. “ఏమ్మా, మమ్మల్ని సినిమా సూడనీవా?” అన్నాడు. నేను ఆపలేదు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఇంకొకాయన లేచి, “ఎవురామె? బయటికి పంపండప్పా” అని అరిచాడు. అయినా చెబుతూనే ఉన్నాను.

అమ్మ తెర వైపు చూడటం మానేసి నా వైపు తిరిగింది. చీకట్లో తడుముకుని నా దవడ మీద చెయ్యి పెట్టింది. నా నోరు కదులుతుంటే ఆ చెయ్యీ కదిలింది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని పైకి నెట్టింది.

“కూసోని సెప్తే వాళ్లకేం ఇనపడ్తాది? లేసి నిలబడి సెప్పు” అంది.

నేను లేచి నిలబడి మొదటి నుంచి చెప్పాను.