ఈ ఏటికి ఒక్కటే పని

సోమవారం పొద్దున ప్రార్థన అయ్యి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుంటే నర్సమ్మ బడి గేటు దగ్గర నిలబడి కనిపించింది. ఆమె భర్త బేగంబజార్‌లో హమాలీ. ఆమె పిల్లలంతా మా బడిలోనే చదివి పై తరగతులకు వేరే బడికి వెళ్లిపోయారు కాబట్టి ఇప్పుడు ఆమెకు ఇక్కడ పనేమీ లేదు. నేను దగ్గరికి వెళ్తే చెంగుతో మొహం తుడుచుకుని, "పెద్ద టీచర్ పోయింది టీచరమ్మా. తెల్లారంగనే పోయిందట. దబీర్‌పురా నుంచి మనిషి వచ్చి చెప్పిండు" అంది.

ఇద్దరం గేటు పట్టుకుని నిలబడ్డాం. లోపల పిల్లలు పుస్తకాలు తెరిచి చదవడం మొదలుపెట్టారు. మా బడిలో మొదటి గంట చదవడానికే. ఆ గంటను మొదలుపెట్టిన మనిషే పోయిందని ఆ పిల్లలకు తెలియదు. వాళ్లెవరూ ఆవిడను చూడనైనా లేదు.

ఆవిడ మొఘల్‌పురాలోని మా తెలుగు ప్రాథమిక పాఠశాలకు ఒకప్పటి ప్రధానోపాధ్యాయురాలు. పిల్లలకు, తల్లులకు, చివరికి పోస్టుమ్యాన్‌కు కూడా పెద్ద టీచరే. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన తండ్రికి ఒక్కతే కూతురు. దబీర్‌పురా స్టేషన్ పక్కన పుట్టింది, అక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చికి వెళ్లేది, మిగతా రోజులు బడికి. ఎప్పుడూ సన్న అంచు నేతచీర, చేతిలో ఒక గొడుగు. ఎండకైనా వానకైనా ఆ గొడుగు తనకంటే పక్కన నడిచే పిల్లల మీదే ఎక్కువగా ఉండేది.

డెబ్బైల దశకం మధ్యలో మావారికి సచివాలయంలో ఉద్యోగమైతే నేను తెనాలి నుంచి వచ్చి ఆ బడిలో చేరాను. అద్దెకు తీసుకున్న పాత దేవిడీ, ఒకప్పటి నవాబుల బంగళా అది. పొడుగాటి వరండా, వానొస్తే కారే గదులు, కింద గోనెపట్టాలు. మొదటిరోజు నేను పాఠానికి సిద్ధమై నిలబడితే ఆవిడ నన్ను తరగతిలో వెనక కూర్చోబెట్టింది.

"ఇయ్యాల ఏం చెప్పకు బిడ్డా. ఊకె కూసొని సూడు. ఎవరు ఏడ ఆగిపోతున్నరో సూడు."

సాయంత్రం వెళ్లి, మూడో తరగతిలో సగంమందికి గుణింతాలే రావడం లేదండీ అని చెప్పాను. నా మాట విని కిటికీ దగ్గర పిల్లలు "రావడం లేదండీ" అని నన్ను అనుకరిస్తూ నవ్వారు. నా ముఖం చిన్నబోయింది. ఆవిడ కూడా నవ్వింది. "నీ మాట వాళ్లకు నేర్పు, వాళ్ల మాట నువ్వు నేర్సుకో. ఇద్దరికీ లాభమే" అంది.

ఆ ఏడే ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్లలు తగ్గిపోతున్నారు, ఇలాగే ఉంటే ఈ బడిని వేరే బడిలో కలిపేస్తామని చెప్పి వెళ్లారు. ఆ వేరే బడికి బస్సులు తిరిగే రోడ్డు దాటి వెళ్లాలి. మా పిల్లల తల్లులు ఆడపిల్లలను అంత దూరం పంపరు. బడి పోతే వాళ్ల చదువు అక్కడితో సరి.

పెద్ద టీచర్ అందరినీ కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. ఏం చేస్తే బడి బాగుపడుతుందో చెప్పమంది. బడి పైకప్పుకు రేకులు మార్చాలన్నారు ఒకరు. నల్లా, బెంచీలు, కొత్త బోర్డులు అన్నారు ఇంకొకరు. ఆవిడ ఓపిగ్గా అన్నీ విన్నది.

"అన్నీ కావాలె. కానీ అన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ఒక్కటి గూడ చేతుల నిలువది" అని లేచి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: ఈ ఏటికి ఒక్కటే పని. రెండో తరగతి దాటే ప్రతి పిల్లా చదవాలె.

మాలో అందరికన్నా పెద్దవాడు రాములు సారు. ఆయనకు కోపం వచ్చింది. "ఇన్నేండ్ల సంది పాఠాలు చెప్తున్న. నాకు ప్లాన్ ఏంది టీచర్?"

"ప్లాన్ నీకు కాదు సారూ, మనకు" అంది ఆవిడ మెల్లగా.

పొద్దున మొదటి గంట బడి మొత్తం చదవడమే. తరగతుల లెక్కన కాకుండా, ఎవరు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి జట్లు కట్టాం. శనివారం మధ్యాహ్నం పిల్లలు తల్లుల ముందు చదివి వినిపించాలి. వాళ్లు వెళ్లాక మేం కూర్చుని ఆ వారం ఏది నడిచింది, ఏది నడవలేదు మాట్లాడుకోవాలి. ఆ మాటల్లో ఆవిడది ఒకటే కట్టుబాటు: "తప్పెవరిదని అడగొద్దు. ఏడ ఆగిందో అడుగుండ్రి."

చదువు కుదురుతోంది కానీ అన్నం గంట తర్వాత ఆడపిల్లలు మాయమయ్యేవారు. పెద్ద టీచర్ నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నర్సమ్మను మేం మొదట చూసింది అప్పుడే. చంకలో చంటిది, పక్కన మా రెండో తరగతి యాదమ్మ. నర్సమ్మ ఇళ్లలో అంట్లు తోమడానికి బయల్దేరుతోంది.

"సదువు వద్దని నేనెందుకంట? నేను పనికి పోతే ఈ చంటిదాన్ని ఎవరు సూస్తరు టీచరమ్మా?"

"యాదమ్మనే సూడనీ. కాకపోతే బడిల సూస్తది. చంటిదాన్ని గూడ తీస్కరమ్మను."

నర్సమ్మ నమ్మలేదు. "నిజంగనేనా? ఎవరన్న ఏమన్న అంటే?"

"అంటే నన్నంటరు. నీకెందుకు ఫికర్?"

మర్నాడు వరండా దూలానికి చీరతో ఉయ్యాల కట్టించింది. నాలుగు రోజుల్లో మరికొన్ని ఉయ్యాలలు వచ్చాయి. ఏడుపులు, ఉచ్చలు, పాల వాసన. మా రాములు సారు రెండు రోజులు ముక్కు మూసుకుని తిరిగాడు. మూడోరోజు చూస్తే, పలకలు దిద్దుతూ కాలి బొటనవేలితో ఉయ్యాల తాడు లాగుతున్నాడు. ఎవరం ఏమీ అనలేదు. అంటే మానేస్తాడని భయం.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. వరండాలో నిలబడిపోయారు. "ఏందమ్మా ఇది? బడా, ఇంకేమన్ననా?" అన్నారు. పెద్ద టీచర్ చేతులు కట్టుకుని, "బడే సార్. ఈ ఉయ్యాల తీసేస్తే చెల్లె ఇంటికి పోతది. చెల్లె ఎంబడి అక్క పోతది. అక్కలు పోతే మీరు చెప్పినట్టు బడి గూడ పోతది" అంది.

ఆయన ఉయ్యాల పక్కన కూర్చున్న యాదమ్మ చేతిలో పుస్తకం చూసి, చదవమన్నారు. యాదమ్మ ఒక కాలితో చెల్లిని ఊపుతూ, వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని పేజీ మొత్తం చదివింది. మధ్యలో చంటిది లేస్తే "ష్, ఉండే" అని మళ్లీ చదివింది. ఆయన చివరిదాకా విన్నారు. వెళ్తూ వెళ్తూ, "కానియ్యండమ్మా" అన్నారు. బడిని కలిపే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

రెండో ఏటి పనిగా లెక్కలు పెట్టుకున్నాం. ఆ ఏడే నగరంలో లొల్లి అయ్యి కర్ఫ్యూ పెట్టారు. బడి ఎప్పుడు తెరుస్తారో తెలియని రోజులు. తెరిచాక చూస్తే చిన్నపిల్లలు చదవడం కూడా మర్చిపోయారు. కొందరి ఇళ్లకు తాళాలు. పెద్ద టీచర్ ఖాళీ తరగతిలో గోనెపట్టా మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకోవడం అప్పుడొక్కసారే చూశాను. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా చేయి పట్టుకుని, "మళ్ల అక్షరాల కాడికెల్లి పెడదాం. పిల్లలు మర్సిండ్రు గానీ, ఎట్ల నేర్పాల్నో మనం మర్వలేదు గదా" అంది. లెక్కలను ఆ ఏటికి పక్కన పెట్టేశాం. అది ఓటమి అని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

కొన్నేళ్లకు ఆవిడకు బదిలీ వచ్చింది. తల్లులంతా ఆఫీసుకు పోయి ఆపిస్తామన్నారు. నేనూ వాళ్లతో బయల్దేరాను. ఆవిడ గేటు దగ్గరే ఆపేసింది.

"నేను పోతే ఆగిపోయేదైతే గదంత ఇన్ని దినాలు చేసింది ఎందుకు? పోనియ్యుండ్రి నన్ను."

కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు చెడ్డవాడు కాదు. నలుగురు మనుషుల పని ఒక్కడే చేసి అలిసిపోయిన మనిషి. టైంటేబుల్లో లేని గంట ఎందుకని చదువు గంట ఆపేశారు. శనివారం కూర్చోవడమూ ఆగింది. నేను వాదించబోయి మానుకున్నాను. పెద్ద టీచర్‌కు చెప్పే ధైర్యమూ లేకపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం నర్సమ్మ, ఇంకొందరు తల్లులు వచ్చి వరండాలో వరసగా కూర్చున్నారు. హెడ్‌మాస్టరు బయటికి వచ్చి, "ఏం కావాలమ్మా?" అని అడిగారు.

"ఏం వద్దు సారూ. శనివారం పిల్లలు సదివి ఇనిపిస్తరు గదా, ఇందామని వచ్చినం."

ఆయన మా వైపు చూశారు. అంతలో ఒక పిల్ల పుస్తకం తెచ్చుకుని తల్లి ముందు నిలబడి చదవసాగింది. తర్వాత ఇంకో పిల్ల. రాములు సారు కుర్చీ తెచ్చి హెడ్‌మాస్టరుకు వేశాడు. ఆయన కూర్చుని, చదువులన్నీ అయ్యేదాకా విన్నారు. సోమవారం మొదటి గంట మళ్లీ మొదలైంది. శనివారం చాయ్ ఆయనే తెప్పించారు.

ఆ సంగతి చెప్పడానికి నేను దబీర్‌పురాకు దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లాను. పెద్ద టీచర్ బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంది. తర్వాత అడిగింది, "నన్ను తల్సుకున్నరా ఎవరన్న?"

అబద్ధం చెప్పలేకపోయాను. "లేదు టీచర్. మీ పేరు ఎవరూ ఎత్తలేదు. వాళ్ల పని అన్నట్టే వచ్చి కూర్చున్నారు."

"మంచిగైంది" అంది. మళ్లీ చాట తీసుకుంది. తల ఎత్తకుండానే, "జరంత గూడ తల్సుకోలేదా?" అని అడిగి, తనకే నవ్వొచ్చి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆవిడ మీద ప్రేమ రెట్టింపవుతుంది. గొప్పతనం కోసం ఆవిడ తన మనసును ఎప్పుడూ దాచుకోలేదు.

పోయిన నెల చూడటానికి వెళ్లాను. బాగా చిక్కిపోయింది. మాట మెత్తబడింది. అడిగింది మాత్రం అదే: "ఈ ఏడు ఏ పని పెట్టుకున్నరు?"

"భాగహారం టీచర్. నాలుగో తరగతి."

"శేషం కాడ ఆగుతరు సూడు. గక్కడ జర నిమ్మళంగ చెప్పుండ్రి."

వద్దన్నా వినకుండా గుమ్మం దాకా వచ్చింది. నేను ఇంటి ముందరి రైలు పట్టాలు దాటి ఇవతలికి వచ్చేసరికి వెనకాల రైలు గేటు పడింది. గూడ్సుబండి వచ్చి మా మధ్య నుంచి పోసాగింది. ఎంతకీ తరగని బండి. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులో ఆవిడ చీర తెల్లగా కనిపించి మాయమవుతోంది. ఈపాటికి లోపలికి వెళ్లి పడుకుని ఉంటుందనుకున్నాను. చివరి పెట్టె దాటిపోయి దుమ్ము అణిగాక చూస్తే, తలుపు చెక్కకు ఆనుకుని, చేయి ఎత్తి, ఇంకా అక్కడే నిలబడి ఉంది.