బొంగరం పక్కన నా మోకాలు

మొన్న కొత్త ఫోన్‌లోకి పాతవన్నీ మార్చుకుంటుంటే, ఎన్నడో వేసుకున్న అదురు కొలిచే యాప్ ఒకటి బయటపడింది. తెరవగానే అందులో సన్నని గీత వణకడం మొదలుపెట్టింది. ఎందుకా అని చూస్తే, నా మోకాలు! కూర్చున్న చోట కాళ్లూపడం నాకు చిన్ననాటి జబ్బు. "కాళ్లూపకురా, ఇంటికి అరిష్టం" అని మా అవ్వ తొడ మీద ఎన్ని చరుపులు చరిచినా పోలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా అన్నకు పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పింది. గొర్ల మందలు పెంచే ఇల్లు మాది. అన్న ఉన్ని కత్తిరిస్తే గొర్రె ఒంటి మీద గాటు పడేది కాదు. అలాంటి మనిషి, ఎవరిదో వస్తువుకు కాపలా ఉన్నట్టు ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. పని చెప్పకపోతే చేయి ఇక రాదన్నారు దవాఖానలో. వాళ్లిచ్చిన రబ్బరు బంతిని అన్న ముట్టలేదు. నేనేమో ఒక్కచోట నిలవలేని మనిషిని. చిట్యాలలో అన్న ఇంటికి పోయినప్పుడల్లా లోపలికీ బయటికీ తిరగడమే నా పని. చివరికి ఒక బొంగరం తెచ్చిచ్చాను. చిన్నప్పుడు మా వాడకట్టులో బొంగరం ఆటలో అన్నను మించినవాడు లేడు. నవ్వి, ఎడమచేత్తో తాడు చుట్టి, కుడిచేత్తో విసిరాడు. అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

నిన్నటికన్నా మెరుగైందో లేదో కంటికి ఆనడం లేదని ఈ యాప్ వేశాను. ఇంట్లో పరిచిన షాబాద్ బండ మీద ఫోన్ పెట్టి, పక్కనే బొంగరం తిప్పించేవాణ్ణి. బొంగరం తిరిగినంతసేపు బండ అదురుతుంది, ఫోన్‌లో గీత లేస్తుంది. రోజురోజుకూ గీత ఎత్తు పెరిగింది. అన్న ముఖం విప్పారింది. కత్తెరకు సాన పట్టించి తెప్పించుకున్నాడు.

ఒకనాడు బియ్యం ఏరుతున్న వదిన అడిగింది: "తమ్మీ, బొంగరం ఎప్పుడో పడ్డది గద. మరి గా గీత ఇంకెందుకు ఆడుతాంది?"

రోడ్డు మీది లారీలేమో అన్నాను. ఆమె నా మోకాలి వంక చూసింది. నా కాలి కిందిదీ ఫోన్ పెట్టిందీ ఒకటే బండ, అదీ సందుల్లో సిమెంటు రాలి కదులుతున్న బండ. ఆశ పెరిగిన కొద్దీ నేను కాలు ఊపడం పెరిగింది, గీత పెరిగింది. గూట్లో కత్తెర కొత్తగా మెరుస్తోంది. అన్న ముఖం చూడలేకపోయాను.

అన్న వంగి బొంగరం చేతిలోకి తీసుకున్నాడు. తరువాత మెల్లగా తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వు జర కుదురుగ కూసో తమ్మీ. నా చెయ్యి ఎంతున్నదో గంతనే సూద్దాం."

రెండు చేతులతో మోకాళ్లు అదిమి పట్టుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. బొంగరం తూలింది, నిలదొక్కుకుంది, తిరిగింది. తెర మీద గీత వెంట్రుకంత లేచింది. వదిన చేతిలో చాట కదలడం మానేసింది.

"గింతే," అన్నాడు అన్న. "గని నాదే." మళ్లీ తాడు అందుకున్నాడు.

ఆ ఏడు మా గొర్రెల ఉన్ని వేరేవాళ్లు కత్తిరించారు. మరుసటేడు అన్నే ఒక ముసలి గొర్రెను పట్టుకున్నాడు. గాట్లు పడ్డాయి, గొర్రె అరిచింది, అన్న కళ్లల్లో నీళ్లతో నవ్వాడు. కాలం ఎంత మెల్లగా మనిషిని బాగుచేస్తుందో, మోకాళ్లు పట్టుకుని కదలకుండా కూర్చున్న ఆ కాసేపే నా కంటికి కనిపించింది.