రెండో పేజీలోనే అయిపోయే కథ

అరిజోనాలోని చాండ్లర్‌లో నేను అద్దెకుంటున్న గది ఉమాకాంత్ అన్నయ్య వాళ్లింట్లో. అతను చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి పోదు. సూపర్‌హీరోల బొమ్మల పుస్తకాలు గరాజ్ నిండా పెట్టెల్లో ఉన్నాయి. ప్రేమగా కొంటాడు, కోపంగా చదువుతాడు.

ఒక శుక్రవారం దోసెలు తింటుంటే నా ముందు ఒక పుస్తకం తెరిచాడు. అందులో వీరుడు ఊదితే ఏదైనా మంచుగడ్డ అవుతుంది. ఊరి మీదికి వరద వస్తోంది. అతను మాత్రం ఆనకట్ట పేల్చిన దుర్మార్గుడితో పుస్తకం చివరిదాకా కుస్తీ పడతాడు.

"నీళ్ల మీద ఒక్కసారి ఊదరా నాయనా! దీనికి సైన్స్ డిగ్రీ కావాలా? ఫ్రిజ్ చూసినవాడికి చాలదూ?"

"రెండో పేజీలో ఊదేస్తే కథ అయిపోతుంది కదా అన్నయ్యా," అన్నాను. సాహిత్యంలో ఎం.ఏ. చదువుతున్నదాన్ని, నాకు తెలిసిన జవాబు అదే.

"అయిపోనీ. ఊరు మిగులుతుందిగా!"

స్రవంతి వదిన పెనం మీంచి తలెత్తకుండానే, "తమరి దాకా వస్తే తెలుస్తుంది లెండి," అంది.

జూన్‌లో వాళ్లు కొత్త కారు కొన్నారు. అన్నయ్య వాళ్లమ్మ వసంతలక్ష్మి గారు ఆర్నెల్లు ఉందామని ఇండియా నుంచి అప్పుడే వచ్చారు. వాహన పూజ కానిదే ఆ కారెక్కనన్నారు. అందరం గుడికి వెళ్లాం. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, అద్దాల మీద కుంకుమ బొట్లు ఆవిడే స్వయంగా పెట్టారు. పూజారి గారు మంత్రాలు చదివారు. కారు నిమ్మకాయల్ని తొక్కుకుంటూ ముందుకొచ్చి ఆగింది.

పూజలో పెట్టిన తాళంచెవి ఇంట్లో దేవుడి దగ్గరికి చేరాలని ఆవిడ చెబితే, వదిన దాన్ని అక్షింతలున్న స్టీలు డబ్బాలో వేసి, మూత బిగించి, ముందు సీట్లో పెట్టింది. తన ఏడాదిన్నర కూతురు నిధిని వెనకున్న పిల్లల సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టింది. అన్నయ్య స్నేహితుడు జితేందర్ ఫోన్ పైకెత్తి, "వదినా, ఒక్క ఫోటో!" అన్నాడు. ఎండ తగలకుండా తలుపు మూసి వదిన ఇటు వచ్చింది. ఒక్క నిమిషమే కదా అనుకుంది.

అప్పుడు వినిపించింది, టక్ మని. నాలుగు తలుపులకీ తాళం పడింది.

అన్నయ్య వెంటనే పోల్చుకున్నాడు. "స్టీలు డబ్బా! లోపలున్న కీ సిగ్నల్ బయటికి రావట్లేదు. కీ దూరమైందనుకుని కారు దానంతటదే లాక్ చేసేసుకుంది."

"అరే, ఎందుకు లాక్ అయిందో తర్వాత చెప్పు గానీ, ముందుగాల తెర్వు!" అన్నాడు జితేందర్.

రెండో కీ ఇంట్లో ఉండిపోయింది. అన్నయ్య ఫోన్‌లో కారు కంపెనీ ఆప్ తెరిచాడు. అది ఇంకా కారుతో కలవలేదు. ఈమెయిల్‌కి కోడ్ పంపానంది. కోడ్ కొట్టేసరికి గడువు దాటిందంది. మళ్లీ పంపమన్నాడు. చేతి చెమటకి స్క్రీన్ అతని వేళ్లని పట్టించుకోవడం మానేసింది.

జితేందర్ 911కి ఫోన్ చేశాడు. ఫైర్ వాళ్లు బయల్దేరామన్నారు. ఇంకెవరో డీలర్‌కి చేశారు. ఇంకొకరు బట్టల హ్యాంగర్ తెచ్చి తలుపు సందులో దూర్చబోయారు. "మెల్లగా, గీత పడుద్ది," అన్నారు వెనకనుంచి ఎవరో. ఆ మాట ఎవరికీ తప్పుగా తోచలేదు. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఇంజనీర్లే. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

తారు నేల వేడి చెప్పుల్లోంచి పాదాలకి తగులుతోంది. లోపల నిధి కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తోంది. ముఖం కందిపోయింది, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. వదిన అద్దానికి అరచేతులానించి, "అమ్మ ఇక్కడే ఉంది బంగారం," అంటూనే ఉంది. నిధి ఏడుపు సన్నబడింది. తర్వాత నోరు తెరుచుకుంటోంది గానీ శబ్దం రావట్లేదు. తల ఒక పక్కకి వాలింది.

"ఏమండీ!" అని అరిచింది వదిన.

నలుగురిలో నేను పెద్దగా మాట్లాడను. ఎలాగో అన్నయ్య పక్కకి వెళ్లాను. "అన్నయ్యా, ఇది రెండో పేజీ."

అతను నా వంక చూశాడు. తర్వాత కారు అద్దం వంక చూశాడు. దాని మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది. ఫోన్ కింద పడేసి, పార్కింగ్ అంచున కాక్టస్ చుట్టూ పేర్చిన రాళ్లలోంచి పెద్దదాన్ని పెకలించాడు. నిధికి దూరంగా ఉన్న ముందు తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అతను వాళ్లమ్మ వైపు చూస్తున్నాడు.

"నన్ను చూస్తావేంట్రా? పిల్లని చూడు! కొట్టు!"

మొదటి దెబ్బకి రాయి జారింది. రెండో దెబ్బకి అద్దం పటిక ముక్కల్లా రాలిపోయింది. సైరన్‌లా అలారం మొదలైంది. అతను లోపలికి చెయ్యి పెట్టి లాక్ తీశాడు. వదిన బెల్టు విప్పి, నిధిని ఎత్తుకుని చల్లగా ఉన్న గుడి హాల్లోకి పరిగెత్తింది. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే నిధి కళ్లు తెరిచింది. ఒక్క క్షణం అందరినీ చూసి, గుడి దద్దరిల్లేలా ఏడ్చింది. అంత హాయైన ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

ఫైర్ వాళ్లు వచ్చి నిధిని పరీక్షించి, ప్రమాదం లేదన్నారు. వాళ్లలో ఒకతను నలిగిన నిమ్మకాయల్ని, పసుపుని, అద్దం ముక్కల్ని చూసి తెల్లబోయాడు. వసంతలక్ష్మి గారు అతని దగ్గరికెళ్లి తెలుగులోనే చెప్పారు. "దిష్టి పోయింది నాయనా. ఉన్నదంతా అద్దానికి పోయింది."

"యెస్ మ్యామ్," అన్నాడతను.

సీటు దులుపుకుని అదే కారులో ఇంటికి బయల్దేరాం. పగిలిన అద్దంలోంచి వడగాలి కొడుతోంది. నిధి వదిన చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. అన్నయ్య రోడ్డు కంటే వెనక సీటు కనిపించే అద్దాన్నే ఎక్కువ చూస్తున్నాడు.

రెడ్ సిగ్నల్ దగ్గర ఆగాక, "వాడికి ఊదాలని తెలుసు," అన్నాడు.

"ఎవరికి?" అంది వదిన.

"ఆ మంచువాడికి. ఊదితే ఆ నీళ్ల పక్కన తనకిష్టమైనదేదో కూడా గడ్డకట్టి పాడైపోతుంది. దానివంక చూస్తూ ఉండిపోయాడు, అంతే. పాపం, ఎన్ని తిట్లు తిట్టానో వాణ్ణి."

వదిన కళ్లు తుడుచుకుంది. "గ్రీన్ పడింది. పోనివ్వండి."