మందులు అమ్మనివ్వని వద్దుగారు

మందుల షాపులో కూర్చుని మందులు కొనొద్దని చెప్పే గుమాస్తాని మీరు చూసి ఉండరు. ఈయన ఇరవై రెండేళ్లుగా అదే పని నిష్ఠగా చేస్తున్నాడు. వీధంతా ఆయన్ని వద్దుగారనే పిలుస్తుంది. అసలు పేరు షాపు యజమానికే గుర్తులేదు.

డాక్టరు రాసిన చీటీ ఉంటే చకచకా తీసి ఇచ్చేవాడు. చీటీ లేకుండా, షుగరు బోర్డర్లో ఉందంటూ ఎవరైనా దాల్చినచెక్క గొట్టం మాత్రలో, కాకర పొడో అడిగారా, కళ్లజోడు సవరించుకుని, డబ్బా మీది చీమతలకాయంత అక్షరాలు పైకి చదివేవాడు.

"తోడ్పడవచ్చును అని రాశాడండీ. సామాను మోయడానికి మా బావమరిది కూడా రావచ్చునన్నాడు. రాలేదు."

కొనడానికొచ్చిన టీచరమ్మ నవ్వుకుంటూ ఉత్త చేతులతో వెళ్లిపోయేది. యజమాని తల పట్టుకునేవాడు. ఈ మనిషిని మాన్పించేద్దామని వారానికోసారి గట్టిగా అనుకుని, మళ్లీ ఊరుకునేవాడు.

అంతలో యజమానికే షుగరు బోర్డర్లోకొచ్చింది. ఇంట్లో చెప్పలేదు. తన షాపు అరలోంచే మూడు రకాల డబ్బాలు తీసుకుని చాటుగా మింగడం మొదలుపెట్టాడు. అరలో ఖాళీలు వద్దుగారు చూశాడు గానీ, విచిత్రంగా, పల్లెత్తు మాట అనలేదు.

ఆ వారమే వద్దుగారికి మోకాళ్లు పట్టేశాయి. స్టాకు గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. రోజుకి పదిసార్లు యజమానే ఎక్కి దిగాల్సి వచ్చింది. తర్వాత వద్దుగారు సైకిలు పాడైందన్నాడు. వీధి చివర ముసలమ్మకి మందులూ యజమానే నడిచి వెళ్లి ఇచ్చాడు, దారి పొడుగునా సణుగుతూ.

మూడు నెలలకి షుగరు దిగింది, బెల్టు రెండు కన్నాలు లోపలికెళ్లింది. యజమాని డాక్టరు ముందు ఆ మూడు డబ్బాలూ పెట్టి, ఇవే తనని కాపాడాయనీ, వద్దుగారి నోరు ఇక మూతపడుతుందనీ అన్నాడు.

డాక్టరు నవ్వాడు. "మీరు మింగడం మొదలెట్టిన వారమే ఆయన నా దగ్గరికొచ్చాడు. మీ బీపీ మాత్రలతో ఇవి పడతాయా అని అడిగాడు. పడకపోతే అప్పుడే చెప్పేవాణ్ణి. అయినా నేను మెట్లకే ఓటేస్తాను."

"పాపం, ఆయన మోకాళ్లు..."

"మోకాళ్లకేం? ప్రతి ఆదివారం షటిల్లో నన్ను ఓడిస్తున్నాడు. మీరు దాచుకున్న సంగతి తను ఎత్తితే చిన్నబుచ్చుకుంటారని అలా చేశాడు."

యజమానికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది.

ఆదివారం పొద్దున్నే షటిలాడే మైదానానికి వెళ్లి నిలబడ్డాడు. వద్దుగారు సంచిలోంచి ఇంకో బ్యాటు తీసి చేతికిచ్చాడు. దాని పిడికి అప్పటికే కొత్త టేపు చుట్టి ఉంది.